వాకిట్లో ట్రాలీకి ఇంటి కరెంటు: తీగ లాగే ముందు ఎర్తింగు చూసుకోండి

రబ్బరు టైర్ల మీద నిలిచిన ఇనుప బండికి షాకు కొట్టే గుణం ఎక్కువ. మూడో తీగ, 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకరు ఉంటే ప్రాణభయం చాలావరకు తప్పుతుంది

చెరకు నరుకుడు అయిపోయింది, పసుపు ఉడకబెట్టి ఎండబెట్టడమూ అయిపోయింది. ఇక ట్రాక్టరు, ట్రాలీ ఇంటి వాకిట్లోనో, కొట్టం పక్కనో నెలల తరబడి నిలబడి ఉంటాయి. బోధన్ ప్రాంతంలో ఇది మరీ ఎక్కువ. 1937లో మొదలైన శక్కర్‌నగర్ నిజాం చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో సీజను వచ్చిందంటే ట్రాలీలు ఇంటి మొహం చూసేవి కావు. 2015 డిసెంబరులో అక్కడ లేఆఫ్ ప్రకటించాక చాలామంది రైతులు చెరకు తగ్గించి వరికి మళ్లారు. బండికి దున్నకం, కోత రోజుల్లో తప్ప పని లేదు. మిగతా రోజులు వాకిట్లోనే.

బండి వాకిట్లో ఉన్నంతకాలం దానికి ఏదో ఒక పనికి ఇంటి కరెంటు కావాల్సి వస్తుంది. బ్యాటరీ దిగిపోతే చార్జింగు పెట్టాలి. రాత్రిపూట మరమ్మతుకు లైటు కావాలి. బురద కడగడానికి చిన్న మోటారు, డ్రిల్లింగు మిషను, ఆర్మూరు, బాల్కొండ వైపైతే మోటారుతో తిరిగే పసుపు పాలిషింగు డ్రమ్ము. అప్పుడు మనం ఏం చేస్తాం? ఇంట్లో మిగిలిపోయిన సర్వీసు వైరు ముక్క వెతుకుతాం. కొసలు గీకి, ప్లగ్గు లేకుండానే సాకెట్ రంధ్రాల్లో దూర్చి, ఊడిపోకుండా రెండు అగ్గిపుల్లలు గుచ్చుతాం. మధ్యలో అతుకు పడితే నల్ల టేపు చుడతాం. పని అయిపోతుంది. పది సార్లు ఏమీ కాదు. పదకొండోసారి ఏమవుతుందో తెలుసుకోవడానికే ఈ వ్యాసం.

ట్రాక్టరు లేని రైతు సోదరులు ఇది మనకు సంబంధించింది కాదని పేజీ తిప్పకండి. బ్యాటరీ స్ప్రేయరు చార్జింగు పెట్టినా, గడ్డి కత్తిరించే మిషను తిప్పినా, వాకిట్లో ఇనుప కూలరు పెట్టుకున్నా లెక్క ఒక్కటే.

బండికి షాకు ఎందుకు వస్తుంది?

కరెంటు ట్రాన్స్‌ఫార్మరు నుంచి ఫేజు తీగలో వచ్చి, న్యూట్రల్ తీగలో తిరిగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఆ న్యూట్రల్‌ను భూమికి కలిపి ఉంచుతారు. అందుకే ఫేజు తీగకు ఎక్కడ భూమి దొరికినా కరెంటు ఆ దారిన కూడా తిరిగిపోవాలని చూస్తుంది.

ఇప్పుడు మన ట్రాలీని చూడండి. డబ్బా ఇనుము, చాసిస్ ఇనుము, డాలా ఇనుము. కానీ అది నిలబడింది రబ్బరు టైర్ల మీద. డాలా అంచున నలిగిన తీగ నుంచో, మోటారు లోపల కాలిన చుట్ట నుంచో ఫేజు ఆ ఇనుముకు తగిలిందనుకోండి. బండి మొత్తానికి 230 వోల్టులు వచ్చేస్తాయి. టైర్లు అడ్డుండటం వల్ల కరెంటు భూమిలోకి దిగలేదు. ఫ్యూజు పోదు, మెరుపు రాదు, చప్పుడు కాదు. చూడటానికి బండి ఎప్పటిలాగే ఉంటుంది. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి ఎవరు చేయి వేస్తారో వాళ్ల ఒంటి గుండా కరెంటుకు దారి దొరుకుతుంది.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. అమెరికా లాంటి దేశాల్లో సొంత పడవ ఉన్నవాళ్లు దాన్ని చక్రాల ట్రెయిలరు మీద ఇంటి పక్కనే నిలిపి, బ్యాటరీ చార్జింగు కోసం ఇంటి నుంచి తీగ లాగుతారు. అక్కడా రబ్బరు టైర్లే, అక్కడా తడి నేలే. ఇళ్ల బయటి సాకెట్లకు లీకేజీ కరెంటును పసిగట్టి ఆపేసే సాధనం ఉండాలని అక్కడ 1970ల నుంచే నిబంధన పెట్టారు. మన శ్రీరాంసాగర్, నిజాంసాగర్ ఒడ్డున ఉండే మత్స్యకారులు ఎవరైనా మోటారు పడవ కొని ఇంటికి తెచ్చి నిలిపితే వాళ్లూ ఇవే జాగ్రత్తలు పాటించాలి.

ఫ్యూజు ఉందిగా అంటే చాలదు

'మా ఇంట్లో ఎంసీబీ పెట్టించాం, షాకు కొడితే అదే పడిపోతుంది' అనే మాట ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. ఇది పెద్ద పొరపాటు. లెక్క చూడండి.

మనిషి ఒంట్లోంచి సుమారు 10 మిల్లీ ఆంపియర్ల కరెంటు పోతే కండరాలు బిగుసుకుపోతాయి. పట్టుకున్నది వదలడం కష్టమవుతుంది. 30 మిల్లీ ఆంపియర్లు దాటి కాసేపు పోతే ఊపిరి, గుండె ప్రమాదంలో పడతాయి. తడిసిన ఒంటికి అడ్డుకునే శక్తి వెయ్యి ఓంలు అనుకుంటే, 230 వోల్టుల దగ్గర 230 మిల్లీ ఆంపియర్లు పోతాయి. ప్రాణం తీయడానికి ఇది ఎక్కువే.

మరి 16 ఆంపియర్ల ఎంసీబీ ఎప్పుడు పడుతుంది? 16 ఆంపియర్లంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషికి ప్రమాదమైన 30కి ఇది ఐదు వందల రెట్ల పైమాటే. అంటే మనిషి విలవిల్లాడుతున్నా ఎంసీబీకి సంగతే తెలియదు. ఎంసీబీ, ఫ్యూజు తీగ కాలిపోకుండా, ఇల్లు అంటుకోకుండా కాపాడేవి. మనిషిని కాపాడేవి వేరే ఉన్నాయి. అవి రెండు: ఒకటి ఎర్తింగు, రెండోది ఆర్‌సీసీబీ అనే బ్రేకరు.

మూడో తీగ విలువ

మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా, పొడుగ్గా ఉండే పిన్ను ఎర్తు పిన్ను. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. రెండు పిన్నులకే తీగలు బిగించి, మూడోది ఖాళీగా వదిలేస్తారు. నిజానికి మనిషి ప్రాణం ఆ మూడో పిన్ను మీదే ఉంది. బండి మీద పెట్టిన మోటారు బాడీకి ఎర్తు తీగ బిగించి ఉంటే, ఫేజు తగిలినప్పుడు కరెంటులో ఎక్కువ భాగం ఆ తీగ గుండా భూమిలోకి పోతుంది. మన ఒంటిలోంచి పోవాల్సిన బలం చాలా తగ్గుతుంది.

ఎర్తు తీగ సాకెట్ దాకా వస్తే సరిపోదు, అక్కడినుంచి భూమిలోకి దారి ఉండాలి. చాలా పాత ఇళ్లలో సాకెట్ వెనక ఎర్తు తీగే ఉండదు. ఉన్నా మీటరు బోర్డు దగ్గర తెగి ఉంటుంది. ఎర్తు గుంటకు సంబంధించి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 3043 అనే పద్ధతి ఇచ్చింది. దాని ప్రకారం పైపు ఎర్తింగుకు 38 మిల్లీమీటర్లకు తక్కువ కాని, రెండున్నర మీటర్ల పొడవు జీఐ పైపు వాడాలి. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేయడం మనవాళ్లకు తెలిసిన పద్ధతే.

నేలను బట్టి ఎర్తింగు మారుతుంది. బోధన్, రెంజల్, ఎడపల్లి వైపు నల్లరేగడిలో తేమ ఉన్నంతకాలం ఎర్తింగు బాగా పనిచేస్తుంది. ఎండాకాలం నేల నెర్రెలు బారితే పైపుకు, మట్టికి మధ్య ఖాళీ ఏర్పడి పట్టు పోతుంది. చల్క నేలల్లో, రాతి నేలల్లో మొదటినుంచీ పట్టు తక్కువే. అందుకే మార్చి నుంచి వానలు పడేదాకా గుంటలో అప్పుడప్పుడు బకెట్ నీళ్లు పోయాలి.

ఎర్తు ఉన్నా ఆర్‌సీసీబీ ఎందుకు?

ఊళ్లలో మామూలు ఎర్తు గుంట అడ్డు 20 ఓంలు ఉందనుకుందాం. బండికి ఫేజు తగిలితే భూమిలోకి పోయే కరెంటు 230ని 20తో భాగిస్తే వచ్చేది, అంటే సుమారు 11 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి ఇది మామూలు లోడే. అది పడదు. బండిలో కరెంటు అలాగే ఉండిపోతుంది. గుంట నుంచి భూమిలోకి కరెంటు గంటల తరబడి కారుతూనే ఉంటుంది.

ఆర్‌సీసీబీ పని తీరు వేరు. ఫేజులో ఎంత కరెంటు పోయిందో, న్యూట్రల్‌లో అంతా తిరిగి వచ్చిందా లేదా అని అది ఎప్పుడూ సరిచూస్తుంది. పది ఆంపియర్లు పోతే పది రావాలి. మధ్యలో 30 మిల్లీ ఆంపియర్లు తగ్గినా ఎక్కడో దారి తప్పిందని గుర్తించి, రెప్పపాటులో లైను కట్ చేస్తుంది. మన గట్టు మీద తూము దగ్గర వదిలిన నీళ్లు మడిదాకా వచ్చాయా, మధ్యలో గండి పడిందా అని చూసే మనిషి లాంటిది అది.

కొనేటప్పుడు మూడు సంగతులు అడగండి. ఒకటి, దానిమీద 30 ఎంఏ అని రాసి ఉండాలి. 100, 300 అని ఉన్నవి మనిషి రక్షణకు పనికిరావు. రెండు, ఐఎస్ఐ గుర్తు ఉండాలి. మూడు, ఆర్‌సీసీబీ ఒక్కటే లోడు ఎక్కువైతే ఆపదు కాబట్టి దానితో పాటు ఎంసీబీ కూడా ఉండాలి. రెండు పనులూ కలిసి చేసే ఆర్‌సీబీఓ కూడా దొరుకుతుంది. నిజామాబాద్ పట్నంలోనూ, బోధన్‌లోనూ కరెంటు సామాను దుకాణాల్లో ఇవి అడిగితే ఇస్తారు. రెండు పోళ్ల ఆర్‌సీసీబీ ధర బ్రాండును బట్టి రెండు వేల రూపాయల అటూఇటూ ఉంటుంది.

దానిమీద చిన్న 'టెస్ట్' బటను ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడండి. వెంటనే పడిపోతే బాగున్నట్టు. పడకపోతే మార్పించండి. కొందరు 'ఊరికే పడిపోతోంది' అని దాన్ని తప్పించి డైరెక్టు కలిపేస్తారు. అది పడుతోందంటే ఎక్కడో లీకేజీ ఉందని చెబుతోంది. ఆ లీకేజీ వెతకాలి కానీ చెప్పేదాని నోరు నొక్కకూడదు.

ఈ రెండు పనులు ఎన్నడూ చేయకండి

మొదటిది, ప్లగ్గులో న్యూట్రల్, ఎర్తు పిన్నులను కలిపి ఒకే తీగకు బిగించడం. ఎర్తు గుంట ఖర్చు మిగులుతుందని కొందరు ఇలా చేస్తారు. న్యూట్రల్ తీగ ఎక్కడైనా తెగిందంటే, ఆ కరెంటు నేరుగా బండి బాడీకి వచ్చేస్తుంది. ఎలాంటి లోపం లేని మోటారు కూడా షాకు కొడుతుంది.

రెండోది, న్యూట్రల్ లేనప్పుడు భూమిలో ఇనుప కడ్డీ పాతి దాన్నే న్యూట్రల్‌గా వాడటం. అప్పుడు పనిచేసే కరెంటంతా ఆ కడ్డీ గుండా నేలలోకి దిగుతుంది. కడ్డీ చుట్టూ నేలలోనే వోల్టేజీ ఉంటుంది. పశువు నాలుగు కాళ్లూ దూరంగా వేసి నిలబడుతుంది. ముందు కాళ్లకు, వెనక కాళ్లకు మధ్య వోల్టేజీ తేడా వచ్చి మనిషికి చురుక్కుమనే చోట ఎడ్లు, బర్రెలు పడిపోతాయి. కొట్టం పక్కన ఈ పని అస్సలు వద్దు.

బావి దగ్గరి వ్యవసాయ సర్వీసు నుంచి ఇంటికి తీగ లాగడం, స్తంభం మీది లైనుకు కొక్కెం వేయడం కూడా ఇలాంటివే. నియమాలకు విరుద్ధం అన్నది ఒక సంగతి. కొక్కెం వేసిన తీగకు ఫ్యూజు లేదు, ఎంసీబీ లేదు, ఆర్‌సీసీబీ లేదు. తప్పు జరిగితే ఆపే దిక్కు ఉండదు.

తీగ ఎంత లావు ఉండాలి?

సన్న తీగ పొడుగ్గా లాగితే వోల్టేజీ దారిలోనే తరిగిపోతుంది, తీగ వేడెక్కుతుంది. ఇంటి నుంచి బండిదాకా 30 మీటర్ల రాగి తీగ లాగి, 10 ఆంపియర్ల లోడు వేశామనుకోండి. 1 చదరపు మిల్లీమీటరు తీగైతే సుమారు 12 వోల్టులు తగ్గుతాయి. 1.5 అయితే 8 వోల్టులు, 2.5 అయితే 5 వోల్టులు తగ్గుతాయి. ఊళ్లలో అసలే వోల్టేజీ తక్కువ ఉండే వేళల్లో ఇంకో 12 పోతే మోటారు మూలుగుతుంది, కాలిపోతుంది.

బ్యాటరీ చార్జరు, లైటు వాడటానికి 1.5 చాలు. కడిగే మోటారు, డ్రిల్లు, ఒక హార్స్‌పవర్ లోపు మోటార్లకు 2.5 తీసుకోండి. ఏదైనా సరే, మూడు తీగలు ఒకే తొడుగులో ఉన్న గుండ్రటి మెత్తని రాగి కేబులే కొనండి. ఆకుపచ్చది, లేదా ఆకుపచ్చ మీద పసుపు గీత ఉన్నది ఎర్తుకు వాడాలి. దాన్ని వేరే పనికి వాడకూడదు. వెల్డింగు సెట్టు మాత్రం ఇంటి సాకెట్‌కు పెట్టకండి. అది లాగే కరెంటును ఇంటి వైరింగు తట్టుకోదు. బండినే వెల్డింగు దుకాణానికి తీసుకెళ్లండి.

కేబులు చుట్ట చుట్టి ఉండగా పెద్ద లోడు వేయకూడదు. చుట్టలో వేడి బయటికి పోలేక తొడుగు కరుగుతుంది. మొత్తం విప్పి పరచండి. గేటు సందులోంచి, డాలా కిందనుంచి, బర్లు నడిచే దారిలోంచి పోనివ్వకండి. బట్టలారేసే ఇనుప దండేనికి వేలాడదీయకండి. తొడుగు చిరిగితే దండెం మీది తడి బట్ట తీయబోయిన ఆడవాళ్లకు షాకు కొడుతుంది.

బ్యాటరీ చార్జింగు: తీగ లాగకుండానే పని

వాకిట్లో బండికి కరెంటు అవసరం ఎక్కువగా బ్యాటరీ కోసమే. దీనికి తేలికైన దారి ఉంది. తీగను బండి దగ్గరికి తీసుకెళ్లే బదులు, బ్యాటరీని విప్పి సాకెట్ దగ్గరికి తెచ్చుకోండి. గాలి తగిలే వరండాలో చెక్క మీద పెట్టండి. సగం ప్రమాదం అక్కడే తప్పిపోతుంది.

విప్పేటప్పుడు ముందు మైనస్ తీగ తీయాలి. బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. లేదంటే పానా చాసిస్‌కు తగిలి నిప్పులు రాలతాయి. చార్జరు క్లిప్పులు బ్యాటరీకి పెట్టాకే గోడ స్విచ్ వేయాలి. తీసేటప్పుడు ముందు గోడ స్విచ్ ఆపాలి. చార్జింగు వేళ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. చిన్న నిప్పురవ్వకే అది పేలుతుంది. దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. మూసిన గదిలో పెట్టొద్దు.

బ్యాటరీ మీద రాసిన ఆంపియర్ అవర్లలో పదో వంతు కరెంటుతో చార్జింగు పెట్టడం మంచిది. 80 ఉంటే 8 ఆంపియర్లు. త్వరగా కావాలని ఎక్కువ పెడితే ప్లేట్లు దెబ్బతింటాయి. చార్జింగు తీసి కొన్ని గంటలయ్యాక మీటరు పెడితే 12.6 వోల్టుల పైన చూపాలి. 12.2 అంటే సగం ఉన్నట్టు. 12 కంటే దిగిన బ్యాటరీని నెలల తరబడి అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత చార్జింగు పెట్టినా పట్టదు. పని లేని నెలల్లో మైనస్ తీగ తీసి ఉంచి, నెలకోసారి చార్జింగు పెట్టుకోండి. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్లు కాదు.

రాత్రి మరమ్మతుకు లైటు కోసం కూడా 230 వోల్టుల బల్బు బండిదాకా లాగనక్కర్లేదు. బ్యాటరీ మీద వెలిగే 12 వోల్టుల ఎల్ఈడీ లైటు చాలు. ఆ వోల్టేజీతో మనిషికి షాకు కొట్టే భయం ఉండదు.

షాకు కొడితే

పట్టుకున్న మనిషిని చేత్తో లాగకండి. ముందు మెయిన్ స్విచ్ ఆపండి, లేదా ప్లగ్గు పీకండి. వీలు కాకపోతే ఎండిన కట్టెతో, పొడి చెక్క మీద నిలబడి తీగను పక్కకు నెట్టండి. 108కి ఫోన్ చేయించండి. ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, వైద్యం అందేదాకా ఆపకుండా నొక్కుతూ ఉండండి. స్తంభం మీద తీగ తెగిపడితే దగ్గరికి పోకుండా 1912కు చెప్పండి. మీటరు దాటాక ఇంటి లోపలి వైరింగు మాత్రం కరెంటోళ్ల బాధ్యత కాదు, మనదే.

ఒక్క చూపులో

• ఎర్తు గుంట ఉందా, తీగ సాకెట్ దాకా వచ్చిందా అని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.
• బయటి సాకెట్‌కు 30 ఎంఏ ఆర్‌సీసీబీ, ఎంసీబీ రెండూ పెట్టించండి. సాకెట్ వాన తగలని చోట, పిల్లలకు అందని ఎత్తులో, మూత ఉన్నది పెట్టించండి.
• మూడు తీగల కేబులు, మూడు పిన్నుల ప్లగ్గు వాడండి. అగ్గిపుల్లలు, అతుకులు వద్దు.
• ముందు బండి దగ్గరి కనెక్షన్, చివర గోడ స్విచ్. తీసేటప్పుడు ముందు గోడ స్విచ్.
• కాళ్లకు పొడి చెప్పులు వేసుకోండి. వాన పడుతుంటే పని ఆపండి.
• పని అయ్యాక కేబులు ఇంట్లోకి తెచ్చుకోండి. రాత్రంతా వాకిట్లో వదిలేయకండి.

2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా కింద రైతు చనిపోతే కుటుంబానికి ఐదు లక్షలు వస్తాయి. ఆ డబ్బు అక్కరకు వస్తుంది కానీ మనిషిని తేలేదు. ఎర్తు గుంటకు, బ్రేకరుకు, మంచి కేబులుకు కలిపి అయ్యే ఖర్చు బండికి ఒక పెద్ద రిపేరు వస్తే అయ్యేంత కూడా ఉండదు. వానలు పడి వాకిలి తడవక ముందే ఈ పని ముగించుకోండి.